శనివారం ఆగే మిషను

అదీ ఆ మోత, సరిగ్గా అలాగే ఉండాలి, మూడు ఫ్యాన్లలో రెండు ఒకే గొంతుతో, మూడోది కాస్త బొంగురుగా, ఆ బొంగురు మొదటి రోజు నుంచీ ఉన్నదేలే, భయపడాల్సింది ఏమీ లేదు, పాతికేళ్ళు కాగితం మిల్లులో పనిచేసిన చెవులివి, అక్కడ మిషను గొంతు పిసరంత మారితే చాలు, రెయో, కాగితం తెగబోతోందిరా అని అరిచేవాణ్ణి, వాడు చెవుల తొడుగులు తీసి నాకేం వినపడట్లేదే అనేలోపు అవతల తెగనే తెగేది, ఇప్పుడు మిల్లు లేదు, గేటుకు గొలుసు వేసి ఏడాది కావస్తోంది, కానీ మోత ఉంది, నా ఇంట్లో, నా వెనక గదిలో, ఆవిరి స్నానం గదిలో, అదే మా సౌనాలో, పాత బల్లలు మార్చినప్పుడు మిగిలిన చెక్క మీద నేను నిలబెట్టిన ఈ ఇటుకంత గ్రాఫిక్స్ కార్డులో, పక్కనే లాప్‌టాప్ తెర మీద పచ్చ గీత పాకుతోంది, చూడు చూడు, మళ్ళీ వెంట్రుకవాసి జరిగింది, ఇంక గోరంతే, ఆ గీత ఆ చివరికి తగిలిందంటే కూటమి వాళ్ళు నా వాటా నా ఖాతాలో వేస్తారు, మొట్టమొదటి జమ, ఇవాళే, శనివారం, ఇంకా నాలుగు కాలేదు, కిటికీ అవతల అప్పుడే చీకటి, మంచు కుప్పల మీద వీధి దీపం, ఇవతల నా గుండె ఒకటే దడ, యాభై ఎనిమిదేళ్ళ మనిషికి ఇంత దడ అవసరమా అంటే అవసరమే, ఎందుకు కాకూడదు.

తవ్వకం అంటారు దీన్ని, ఆ మాట మొదట రెయో నోటే విన్నాను, మిల్లు మూసిన రోజు అందరం గేటు బయట నిలబడి చల్లారిపోయిన కాఫీ తాగుతున్నాం, ఎవరూ ఎవరి మొహం వైపూ చూడటం లేదు, వాడొచ్చి భుజం మీద చరిచాడు, ఒరేయ్ రైమో, పార పట్టుకోనక్కర్లేని తవ్వకం ఒకటుందిరా, చలికాలంలో కూడా తవ్వుకోవచ్చు అన్నాడు, ప్రపంచంలో ఎక్కడెక్కడో జనం కంటికి కనపడని నాణేలు ఒకరికొకరు పంపుకుంటారట, ఆ లావాదేవీలు సరిచూసే చాకిరీ మన మిషను చేసిపెడితే మనకూ కాసిని రాలుతాయట, ఒక్కడివల్ల కాదు కాబట్టి ఊళ్ళూ దేశాలూ దాటి వేలమంది కూటమి కట్టి పంచుకుంటారట, గ్రాఫిక్స్ కార్డులు ఆ చాకిరీలో మహా దిట్టలట, నాకు సగం అర్థమైంది, ఆ సగం చాలు, నాకు కావలసింది రాత్రీ పగలూ ఆగకుండా తిరిగే మిషను ఒకటి, దాన్ని కనిపెట్టుకుని ఉండే పని ఒకటి, లాప్‌టాప్ ఎలాగూ ఉంది, ఉద్యోగాలు పోయినవాళ్ళకు కొత్త విద్యలు నేర్పే తరగతి కోసం కొన్నది, అందులో ఉన్న కార్డు మరీ పిచుక ప్రాణం, తవ్వమంటే కాళ్ళు బారజాపేసింది, అప్పుడు తెలిసింది, పెద్ద కంప్యూటర్లో పెట్టే కార్డును కూడా ఒక లావుపాటి తీగతో బయటినుంచే లాప్‌టాప్‌కు తగిలించవచ్చని, ఆ రోజు ఎగిరి గంతెయ్యలేదు కానీ కుర్చీలోంచి లేచి రెండుసార్లు కూర్చున్నాను.

ఆ కార్డు కోసం తిరగని చోటు లేదు, దేశమంతా అవే కార్డుల మీద పడి ఉంది, చివరికి పక్క ఊరి చర్చిలో ఆర్గాన్ వాయించే ఆయన అమ్ముతానన్నాడు, చర్చి వెనక కార్లు ఆపే చోట కలిశాం, పాటల బృందం వాళ్ళ నల్ల అంగీలో చుట్టి పసిబిడ్డను ఎత్తుకొచ్చినట్టు తెచ్చాడు, రాత్రిళ్ళు కంప్యూటర్ ఆటల్లో దీంతో డ్రాగన్లను చంపేవాణ్ణండీ, మా ఆవిడ ఇంక చాలు దిగు అంది, మీరేం చంపుతారు అన్నాడు సిగ్గుపడుతూ, నేనేం చంపనండీ, తవ్వుకుంటాను అన్నాను, ఆయన కాసేపు ఆలోచించి, అయితే శ్మశానం పనివాడితో పోటీ అన్నమాట అన్నాడు, ఇద్దరం నవ్వాం, దారి పొడుగునా కార్డు నా పక్క సీట్లో, బెల్టు పెట్టాను దానికి, నిజంగానే పెట్టాను, మా ఆవిడ సిర్పాకు ఇప్పటిదాకా ఆ సంగతి చెప్పలేదు.

తగిలించడం అంటే ప్లగ్గు పెట్టి మీట నొక్కడం కాదు, కార్డుకు దాని కరెంటు డబ్బా దానికి ఉండాలి, ఆ డబ్బా పెద్ద కంప్యూటర్లో ఉంటే తప్ప లేవనంటుంది, దాన్ని మోసం చెయ్యాలి, ఆకుపచ్చ తీగకూ నల్ల తీగకూ మధ్య ఇంత తీగ ముక్క వంచి పెడితే నేను పెద్ద కంప్యూటర్లోనే ఉన్నాననుకుని లేస్తుంది, ముందు డబ్బా లేవాలి, ఆ తర్వాతే లాప్‌టాప్, తిరగేసి చేశామా, కార్డు కనబడుట లేదు అని తెర మీద ఒకే ఒక్క వాక్యం, దాన్ని ఎన్నిసార్లు చదివానో, కలలో కూడా చదివాను, ఆ తర్వాత ఒక పొద్దున కాఫీ కప్పు చేతిలో ఉండగానే ఫ్యాన్లు గిర్రున తిరిగాయి, తెర మీద అంకెలు జలజలా దిగాయి, కాఫీ నా సాక్సుల మీద పోసుకున్నాను, సిర్పా, కనబడింది, కనబడింది అని అరిచాను, ఎవరు కనబడ్డారు అంటూ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది, వచ్చి చూసి, ఓహో ఇదా, హెయిర్ డ్రయర్‌లా ఉంది అని వెళ్ళిపోయింది.

హెయిర్ డ్రయరే, ఆ మాటకొస్తే అంతకంటే నయం, ఎంత వేడి ఊదుతుందో, అప్పుడే కదా నాకు ఆ మహా ఆలోచన వచ్చింది, బయట నీళ్ళు రాయైపోయే చలి, లోపల గోడకు కరెంటు హీటరు, పక్కనే కార్డు ఊదుతున్న వేడి, ఒకే గదికి రెండెందుకు, హీటరు పీకేశాను, దాని తీగకే ప్లగ్గు బోర్డు ఒకటి బిగించి కార్డు డబ్బాను అక్కడ పెట్టాను, లాప్‌టాప్ తీగ ఎదుటి గోడకు, గది వెచ్చగానే ఉంది, ఆ వెచ్చదనంతోనే నాణేలూ రాలుతున్నాయి, ఎంత తెలివి, రెయోకు ఫోన్ చేసి చెబితే నీ బుర్రను మ్యూజియంలో పెట్టాలిరా అన్నాడు, సిర్పా మాత్రం గుమ్మంలో నిలబడి, మా నాన్న ఉంటే నీ చెయ్యి విరిచేవాడు, ఈ ఇంట్లో ప్రతి తీగా ఆయన లాగినదే అంది, నిజమే, మామగారు ఆర్వో ఎలక్ట్రీషియన్, మహా పిసినారి, మహా నేర్పరి, ఈ ఇల్లు కట్టుకున్నప్పుడు నిచ్చెన పట్టుకున్నది నేనే, తీగ ఎక్కడ నుంచి ఎక్కడికి పోతోందో మొత్తం నాకు వివరించి చెబుతుండేవాడు, నేను అవునండీ అవునండీ అంటూ సిర్పా ఎక్కడుందా అని చూస్తుండేవాణ్ణి.

ఇదిగో ఇప్పుడు కూడా వెళ్ళింది, హాల్లో చెప్పుల చప్పుడు, తువ్వాళ్ళు తీసుకుని సౌనా వైపు, రాళ్ళు కాగే కరెంటు పొయ్యి మీట తిప్పడానికి, శనివారం కదా, శనివారం ఆవిరి స్నానం లేని ఇల్లు ఈ వీధిలో లేదు, పెళ్ళికి ముందు వాళ్ళింటికి వెళ్ళిన మొదటి శనివారం ఆర్వో నన్ను పై బల్ల మీద కూర్చోబెట్టి రాళ్ళ మీద నీళ్ళు పోస్తూనే పోయాడు, నేను దిగుతానేమోనని చూశాడు, చెవులు కాలిపోతున్నా దిగలేదు, సరే పిల్లనిస్తాం అన్నాడు, అప్పట్నుంచీ ప్రతి శనివారం సిర్పా, నేనూ, మేం పెద్దగా మాట్లాడుకునే మనుషులం కాదు, అన్నం దగ్గర ఉప్పు అందుకో, కారులో వైపర్ వెయ్యి, అంతే, కానీ ఆ చీకటి గదిలో, ఒంటిమీద నూలుపోగు లేకుండా చెమటలు కారుతుంటే, ఏ మాటైనా చెప్పుకునేవాళ్ళం, మిల్లు మూసేస్తున్నారన్న సంగతి కూడా అక్కడే చెప్పాను, ఆమె నా వీపు మీద చల్లటి చెయ్యి పెట్టింది, ఇంకో చెంబు నీళ్ళు పోసింది.

ఈ చలికాలం వెళ్ళలేదు, వెళ్ళలేదంటే మానేశానని కాదు, వెళ్దామనే అనుకుంటాను, ఆమె పిలుస్తుంది, ఇదిగో వస్తున్నా అంటాను, సరిగ్గా అప్పుడే ఈ మిషను ఏదో పేచీ పెట్టి ఉంటుంది, అది అయ్యాక వెళ్తే పొయ్యి చల్లారిపోయి ఉంటుంది, మొన్న గురువారం బఠాణీ సూపు తింటూ చెంచా పక్కన పెట్టింది, రైమో, మా అక్క వాళ్ళు సౌనాలో పొయ్యి తీసేసి బూట్లూ చక్రాల బళ్ళూ పెట్టుకున్నారు, చక్కగా ఉంది, ఎదురింటాయన అల్లుడికి పొయ్యి కావాలట, మనదిచ్చేద్దామా, నేను ఒక్కదాన్ని కూర్చోడానికి అంత కరెంటు ఎందుకు, శనివారం పిలుస్తాను, ఒక్కసారే పిలుస్తాను, నువ్వు వచ్చావా సరే, లేదా ఆదివారం వాళ్ళే వచ్చి పట్టుకుపోతారు, అంది, గొంతు పెంచలేదు, సిర్పా గొంతు పెంచితే నాకు అంత భయం ఉండదు, మళ్ళీ చెంచా తీసుకుని తినేసింది, ఆ పూట నాకు సూపు దిగలేదు.

అందుకే కదా ఇవాళ, అందుకే కదా ఈ పచ్చ గీత, ఎంత చక్కగా కుదిరిందో చూడు, ఆమె పిలిచే వేళకు గీత నిండుతుంది, జమ పడుతుంది, నేను లాప్‌టాప్ మూసి, నడుముకు తువ్వాలు చుట్టుకుని వెళ్ళి, పై బల్ల మీద ఆమె పక్కన కూర్చుని, కాసేపు ఏమీ ఎరగనట్టు ఉండి, అప్పుడు చెబుతాను, సిర్పా, నేను సంపాదించాను, ఎంత అంటే ఎంతోకొంత, మంచి మాంసపు సాసేజీ నాలుగు చుట్టలు వస్తాయేమో, ఏడాదిగా ఆ మందుల షాపులో నిలబడి కాళ్ళు వాచేట్టు సంపాదించి పెడుతున్నావు కదా, నేనూ సంపాదించాను, నా మిషను సంపాదించింది, అప్పుడు ఆమె చల్లటి చెయ్యి, గీత ఇంకా జరిగింది, ఇంక చెంపకూ చెవికీ ఉన్నంత దూరమే, రా రా రా, నా తండ్రీ, నా బంగారు కొండా, పాడు, ఆ బొంగురు ఫ్యానుతో సహా పాడు

ఆగింది.

ఆగిందేంటి, ఫ్యాన్లు ఆగాయి, మూడూ ఒక్కసారే, చప్పుడే లేదు, తెర మీద అదే వాక్యం, కార్డు కనబడుట లేదు, కనబడకపోవడమేంటి నా ముక్కు ముందే ఉంది, డబ్బా మీట వేశాను, తీశాను, వేశాను, ఉలుకూ లేదు పలుకూ లేదు, ఇవాళా, ఇవాళ కూడానా, గోరంత దూరంలో, సరే, కంగారు పడకు, ఇది కొత్త రోగం కాదు, దీని శనివారపు జబ్బు, వారమంతా గుర్రంలా పరుగెత్తి శనివారం సాయంత్రం కాళ్ళు ముడుచుకుంటుంది, అందుకు రెయో ఒక కారణం చెబుతాడు, సెలవు రోజు కదరా, జనమంతా ఆటల మీద పడతారు, లైన్ల మీద బరువు అంటాడు, ఆర్గాన్ ఆయనకు ఫోన్ చేస్తే, ఆదివారం కీర్తనల కోసం ముందే పడుకోవడం దానికి నా దగ్గరే అలవాటైందండీ అని కిలకిలా నవ్వాడు, నవ్వితే నవ్వాడు, నేను మాత్రం దీని నాడి పట్టాను, డబ్బా పాతది, వేడెక్కి తనను తానే ఆపేసుకుంటుంది, మందులన్నీ నాకు తెలుసు, ఒక వారం ఆకుపచ్చ తీగ ముక్క మార్చాను, కాసేపటికి లేచింది, ఒక వారం కార్డు అంచున ఉండే లోహపు పళ్ళు రబ్బరుతో తుడిచాను, లేచింది, ఒక వారం డబ్బాను కిటికీ అవతల మంచులో కూర్చోబెట్టి తెచ్చాను, లేచింది, ఒకే ఒక్కసారి డిసెంబరులో బుధవారం నాడు కూడా ఆగింది, ఆ రోజు మొత్తం విప్పి మళ్ళీ బిగించాను, లేచింది, లేచిన ప్రతిసారీ, సిర్పా, బాగుచేశాను అని గెలిచినవాడిలా అరుస్తాను, ఆమె తల తుడుచుకుంటూ హాల్లోంచి వెళ్తూ, మంచిది అంటుంది.

ఇవాళ లేస్తుంది, ఇవాళ లేవాలి, రబ్బరు ఏది, తీగ ముక్క ఏది, ముందు కార్డు ఊడదీద్దాం, స్క్రూ కింద పడింది, పడనీ, సరదాగానే ఉంది, ఒప్పుకోవాలి, మిల్లులో కూడా కాగితం తెగినప్పుడే కదా మేం బతికేది, సైరన్ మోగేది, నలుగురం నాలుగు వైపుల నుంచీ పరుగు, తడి కాగితం గుట్టల్లోకి చేతులు పెట్టి లాగడం, రెయో బూతులు, మళ్ళీ కాగితం అందుకున్నప్పుడు ఆ కేక, ఆ రోజులు, ఇదిగో పళ్ళు తళతళా మెరుస్తున్నాయి, పెట్టాను, బిగించాను, డబ్బా మీట, లేదు, తీగ ముక్క మార్చాను, లేదు, చెవి ఆనించాను, లోపల చిన్న గుటక కూడా లేదు, మంచులో పెట్టనా, లాప్‌టాప్ మాత్రం నిక్షేపంగా వెలుగుతూ నన్నే చూస్తోంది, పచ్చ గీత ఎక్కడిదక్కడే నిలబడిపోయింది, రైమో, సౌనా కాగింది, వస్తావా.

పిలిచింది, ఎప్పుడూ అంతే, సరిగ్గా పని మధ్యలో పిలుస్తుంది, ఇదిగో వస్తున్నా అన్నాను, అనేశాక ఒళ్ళు ఝల్లుమంది, ఒక్కసారే పిలుస్తాను అంది కదా, ఇదే ఆ ఒక్కసారి, అడుగుల చప్పుడు ఒక క్షణం ఆగింది, నా గది తలుపు అవతల, తర్వాత వెళ్ళిపోయింది, సౌనా తలుపు మూసుకుంది, సరే, సరే, ఇంకా టైముంది, ఆమె ముందు కాసేపు ఒక్కతే కూర్చుంటుంది, ఆవిరిలో ఒంటికి తట్టుకునే బిర్చి చెట్టు కొమ్మల కట్ట నానబెడుతుంది, ఈలోపు దీన్ని లేపి, గీత నింపి, చేతిలో ఆ కబురుతో వెళ్తాను, వట్టి చేతులతో వెళ్ళి ఏం చెప్పను, టెస్టర్ కావాలి, గోడ ప్లగ్గులో కరెంటు ఉందో లేదో చూద్దాం, ఆ మధ్య కూడా ఒకసారి చూశాను, ఆదివారం పొద్దున, దివ్యంగా ఉంది, అయినా చూద్దాం, మిల్లులో మొదటి పాఠం అదేగా, మిషనును తిట్టేముందు కరెంటు చూడు, టెస్టర్ హాల్లో సొరుగులో ఉంది.

హాల్లో ఏంటి ఈ చలి, సొరుగు లాగాను, టార్చీలు, పాత తాళాలు, టెస్టర్ దొరికింది, సొరుగు మూస్తూ మూస్తూ అలవాటుగా గోడ హీటర్ మీద చెయ్యి వేశాను, మధ్యాహ్నం మంచు తోడి వచ్చి నా చేతి తొడుగులు దాని మీదే ఆరేశాను, తడి, అలాగే తడి, ఈపాటికి పెళపెళలాడాల్సింది, తీసి కింద చెయ్యి పెడితే హీటరు చల్లగా ఉంది, రాయిలా చల్లగా, ఇదీ పోయిందా, ఇవాళ అన్నీ ఒకేసారి, ఉండు, పోలేదు, ఇది పోవడం కాదు, ఇది ప్రతి శనివారం ఇలాగే కదా, సౌనా కాగేటప్పుడు హాల్లో హీటరు చల్లబడుతుంది, ముప్పై ఏళ్ళుగా తెలిసిందే కదా, నిచ్చెన మీద ఆర్వో, నోట్లో స్క్రూ పెట్టుకుని, ఇదిగో అల్లుడూ ఇటు చూడు, పెద్ద ఫ్యూజు వేయించుకుంటే కరెంటు కంపెనీకి నెలనెలా ఎక్కువ కట్టాలి, మనకేం ఖర్మ, పొయ్యీ హీటర్లూ కలిసి లాగితేనేగా బాధ, పొయ్యి వెలిగించగానే ఈ వైపు హీటర్లు వాటంతటవే ఆగుతాయి, పొయ్యి కట్టేస్తే మళ్ళీ వస్తాయి, హాలుదీ, ఆ వెనక గదిదీ, వింటున్నావా, అవునండీ, అవునండీ, వెనక గదిదీ.

వెనక గది హీటరు తీగకే నేను ప్లగ్గు బోర్డు బిగించాను, నేనే, ఈ చేతులతోనే, ఓరి దేవుడా, నవ్వొచ్చేస్తోంది, హాల్లో ఒక్కణ్ణే నిలబడి తడి తొడుగులు పట్టుకుని పగలబడి నవ్వుతున్నాను, డబ్బా పాతది కాదు, తీగ ముక్క కాదు, కార్డు పళ్ళు కాదు, లైన్ల మీద బరువు లేదు, కీర్తనలు లేవు, రబ్బరుతో తుడిచిందీ మంచులో పెట్టిందీ అంతా ఉత్తిదే, నేను బాగుచేసింది ఒక్కటీ లేదు, సిర్పా స్నానం ముగించి పొయ్యి కట్టేసిన నిమిషాన అది లేచేది, అంతే, నేను లేచింది లేచింది అని కేకలు పెట్టేవాణ్ణి, ఆమె ఒక్కతే కూర్చుని కూర్చుని, ఇంక రాడులే అనుకుని మీట తిప్పి వస్తూ, ఆ కేక వినేది, తల తుడుచుకుంటూ మంచిది అనేది, ఎన్ని శనివారాలు అలా మంచిది అందో, నవ్వు ఆగిపోయింది, బుధవారం, డిసెంబరులో ఆ బుధవారం, మా ఇంట్లో బుధవారం ఎప్పుడూ సౌనా లేదే, మరి ఎందుకాగింది, ఎవరు వెలిగించారు, ఆ రోజు మేజా మీద కేకు ఉంది, క్రీము మీద ఎర్ర పళ్ళు, నేను ఒక ముక్క గదిలోకి తెచ్చుకుని తీగలు బిగిస్తూనే తిన్నాను, అవును పెళ్ళిరోజు, కేకు బాగుంది సిర్పా అన్నాను, అన్నాను కూడా, ఆమె పిలవలేదు ఆ రోజు, ఒక్కసారి కూడా పిలవలేదు, పొయ్యి వెలిగించి, వస్తాడేమో వాడంతట వాడే అని లోపల కూర్చుంది, ఇవతల నేను ఆ పొయ్యి ఆపేసిన మిషనును విప్పుకుంటూ ఎవరిమీదో విసుక్కుంటున్నాను.

అయినా లోపల ఇంకా ఆ ఉరుకులాట ఉంది చూడు, ఎంత సిగ్గులేని బుర్రో, వెంటనే చెబుతోంది, రైమో, రోగం తెలిసిపోయింది కదా, వంటింట్లో ప్లగ్గు ఉంది, పొయ్యి వెలిగినా అది ఆగదు, పొడుగు తీగ చుట్ట ఇదిగో ఇక్కడే చెప్పుల బల్ల కింద ఉంది, లాగి పెడితే రెండు నిమిషాల పని, మిషను లేస్తుంది, గీత గోరంతే కదా, నిండాక వెళ్ళి చెప్పు, చుట్ట తీశాను, తీశాను నిజంగానే, చేతిలో బరువుగా ఉంది, ఒక కొస పట్టుకుని వంటింటి వైపు రెండడుగులు వేశాను, గోడ అవతల నుంచి చప్పుడు, చెంబు, నీళ్ళు, రాళ్ళ మీద సుయ్‌మని, ఆ సుయ్ ఎంతసేపు ఉందో, ఒక్క చెంబే, మళ్ళీ పొయ్యలేదు, ఒక్కతే ఉన్నప్పుడు ఆమె ఎక్కువ పోసుకోదు, నేనుంటేనే పోటీ, తీగ చుట్ట చెప్పుల బల్ల మీద పెట్టేశాను, చొక్కా అక్కడే విప్పాను, ప్యాంటు బాత్‌రూమ్ గుమ్మంలో, ఒక సాక్సు ఊడి రాలేదు, ఎగురుకుంటూ లాగాను, ఫ్రిజ్‌లోంచి సాసేజీ తీసి రేకులో చుట్టి, తువ్వాలు ఎక్కడ పోయిందో, పోనీలే తువ్వాలు, తలుపు తీశాను.

చీకటి, వేడి మొహాన్ని తాకింది, బిర్చి ఆకుల వాసన, జూన్‌లో ఇద్దరం కోసి ఫ్రీజర్‌లో దాచిన కొమ్మలు, పై బల్ల మీద సిర్పా, నన్ను చూసి, బాగుచేశావా అంది, లేదు, చచ్చిపడి ఉంది అన్నాను, మరి వచ్చావే, వచ్చాను, సాసేజీ తెచ్చాను, తలుపు వెయ్యి ముందు, వేడంతా పోతోంది, వేశాను, సాసేజీ రాళ్ళ పక్కన పెట్టి పైకెక్కి కూర్చున్నాను, బల్ల కాలింది, ఎగిరాను, ఆమె ముక్కులోంచి నవ్వింది, అలవాటు తప్పింది అయ్యగారికి అంది, అప్పుడు చెప్పాను, మొత్తం, చేతి తొడుగులు, ఆర్వో నిచ్చెన, వెనక గది తీగ, మాటలు ఒకదాని మీద ఒకటి పడుతూ, ఆమె చెంబు చేతిలో పట్టుకుని వింటూ ఉండిపోయింది, అంటే నేను పొయ్యి వెలిగించినప్పుడల్లా నీ మిషను ఆగిపోయేదా, అవును, ప్రతిసారీనా, ప్రతిసారీ, పెళ్ళిరోజున కూడానా, అవును సిర్పా, పెళ్ళిరోజున కూడా, ఆమె ఒక్క నిమిషం రాళ్ళ వైపు చూసింది, నాకా సంగతి ముందే తెలిసుంటే రోజూ వెలిగించేదాన్నిరా ముసలాడా అంది, అని నవ్వింది, గట్టిగా, ఆ ఇరుకు గదిలో చెవులు గింగురుమనేట్టు, కళ్ళు తుడుచుకుంది, చెమటో ఏమో, చీకట్లో తెలియలేదు.

సాసేజీ రేకులో చిటపటమంటోంది, చెంబు నా చేతికిచ్చింది, పోశాను, సుయ్‌మంది, వేడి వీపు మీదుగా మెడ మీదికి పాకింది, ఆర్వో లాగా పోస్తున్నావు అంది కానీ దిగలేదు, నేనూ దిగలేదు, ఎదురింటి అల్లుడు, అన్నాను, వేరే పొయ్యి కొనుక్కుంటాడులే అంది, గీత గోరంత దూరంలో ఆగింది సిర్పా, అది నిండితే మొదటి సంపాదన వస్తుంది, అది చెప్పాలనే ఇన్నాళ్ళూ, అన్నాను, అంతేనా అన్నట్టు చూసి కింద బల్ల మీద కాళ్ళు పెట్టింది, అయితే పొయ్యి కట్టేసి వస్తానుండు, లేస్తుందిగా నీ మిషను, రాళ్ళ వేడి ఎలాగూ ఇంకాసేపు ఉంటుంది, అంది, నిజంగానే లేచింది, తలుపు మీద చెయ్యి పెట్టింది, ఇవతల నా గుండె ఎగిరిపడుతోంది, మధ్యాహ్నం నుంచీ ఉన్న ఆ దడే, కానీ పచ్చ గీత గుర్తుకే రావడం లేదు, వద్దు, కట్టెయ్యకు, కూర్చో అన్నాను, ఇంకో చెంబు పోశాను, ఆమె వచ్చి పక్కన కూర్చుంది, చల్లటి చెయ్యి నా వీపు మీద పెట్టింది, ఇంత వేడిలోనూ ఆ చెయ్యి ఎలా చల్లగా ఉంటుందో నాకు ఎప్పుడూ అర్థం కాదు, గోడ అవతల మిషను చడీచప్పుడూ లేకుండా పడి ఉంది, పడి ఉండనీ, ఎంతసేపు ఉంటే అంత మంచిది, అది ఈ చలికాలంలో ఒక్కసారి కూడా చెడిపోలేదు, అది ఆగిన ప్రతిసారీ ఇక్కడ సిర్పా నా కోసం పొయ్యి వెలిగించింది.